గడ్డకట్టని కుళాయి

మా కుళాయి గడ్డకట్టదు. అది ఊరందరికీ తెలుసు. ఎందుకు గడ్డకట్టదో మాత్రం నాకొక్కదానికే తెలుసు. ఐదు చలికాలాలు ఆ సంగతి కడుపులో పెట్టుకుని కూర్చున్నాను. ఆరో చలికాలంలో బయటపెట్టాను. అప్పటిదాకా మా గుమ్మంలో రోజూ పదమూడిళ్ళ మనుషులుండేవాళ్ళు.

భూమికి దక్షిణపు సగంలో, ఎత్తు కొండల మీద ఉంటాం కనక మే నెలాఖరుకి మా దగ్గర చలి ముదురుతుంది. పూనో పట్నం వెళ్ళే రోడ్డు మీంచి చూస్తే ఊరంతా ఒక్కలాగే కనిపిస్తుంది గానీ, మా పై వాడ కొండ నీడలో ఉంటుంది. కింది వాడకంటే మాకు ఎండ గంట ఆలస్యంగా తగులుతుంది. రాత్రి గొట్టంలో నిలిచిన నీళ్ళు బిగుసుకుని గొట్టాన్ని చీల్చేస్తాయి. వాడలో పద్నాలుగిళ్ళుంటే పదమూడు కుళాయిలు మొదటి వారంలోనే పగిలేవి. ట్యాంకు ఖాళీ అయిపోతుందని నీళ్ళ కమిటీ పెద్ద తియడోసియో వచ్చి, వీధి దగ్గరే ఆ ఇళ్ళ గొట్టాలకి బిరడాలు బిగించి పోయేవాడు. మళ్ళీ సెప్టెంబరులో ఆ బిరడాలు తీసేదాకా పదమూడిళ్ళ వాళ్ళూ బకెట్లు పట్టుకుని మా గేటు తియ్యాల్సిందే.

తీసేవాళ్ళు. నాకు కావాల్సిందీ అదే.

ఆరింటికల్లా గేటు కిర్రుమనేది. అప్పటికే పిడకల పొయ్యి మీద పెద్ద కెటిల్లో పుదీనా వాసనొచ్చే మూన్యా ఆకు మరుగుతూ ఉండేది. ఆడవాళ్ళు బకెట్లు వరసలో పెట్టి, మట్టి గోడ వారన శాలువాలు కప్పుకుని కూర్చుని, వేడి కప్పు రెండు చేతుల్లో పట్టుకుని లోకం మీద పడేవాళ్ళు. ఎవరి గొర్రె ఈనింది, ఎవరి మొగుడు సంతలో తాగి పడిపోయాడు, పంతులమ్మ బదిలీ ఎందుకు అడుగుతోంది, అన్నీ మా గోడ దగ్గరే తేలేవి. నేను కుళాయి దగ్గర నిలబడి ఒక్కొక్క బకెట్టూ నింపేదాన్ని. పిడి మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

"నీ కుళాయికి ఉబ్బసం గానీ ఉందా వదినా?" అనేది పక్కింటి నెమేసియా. "ఈ బకెట్టు నిండేలోపు నాకు మనవడు పుట్టి వాడికి పెళ్ళి కూడా అయ్యేట్టుంది."

"ట్యాంకులో నీళ్ళు తక్కువున్నాయేమోలే" అనేదాన్ని.

శుద్ధ అబద్ధం. పిడిని సగం కూడా తిప్పేదాన్ని కాదు. బకెట్టు నిండితే మనిషి వెళ్ళిపోతుంది మరి.

మా ఆయన ఎలియుతేరియో గనుల్లో గొట్టాల పని చేసి వచ్చినవాడు. ఊరికి నీళ్ళ లైను వచ్చినప్పుడు అందరూ వీధి నుంచి ఇంటిదాకా జానెడు లోతున గొట్టం వేసుకుంటే, ఆయనొక్కడూ నడుం లోతు తవ్వాడు. ఊరి సమావేశంలో లేచి అందరికీ చెప్పబోయాడు కూడా. "ఏమయ్యా, కుళాయి పెడుతున్నావా, సమాధి కట్టుకుంటున్నావా?" అన్నాడు తియడోసియో. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన ముక్కోపి. ఇంటికొచ్చి, "గడ్డకట్టి చావండి" అని తిట్టుకుని, ఆ తర్వాత ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన నోటికి జడిసి, ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్కరు కూడా మా నీళ్ళకి రాలేదు. గంట నడిచి ఊట దగ్గర్నించి తెచ్చుకునేవాళ్ళు.

గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆయన ఒక ఫిబ్రవరి వానల్లో పోయాడు. మాకు పిల్లల్లేరు. ఆ తర్వాత నాలుగు నెలలు మా గేటు తీసిన మనిషి లేదు. నాతో నేనే పైకి మాట్లాడుకుంటున్నానని, గొర్రెలు మేత ఆపి నా వైపు చూస్తే తెలిసింది. అలాంటప్పుడు జూన్‌లో ఒక పొద్దున నెమేసియా బకెట్టుతో గేటు దగ్గర నిలబడి, "ఆయన లేడుగా వదినా, కాసిని నీళ్ళు పట్టుకోనా?" అంది. వారం తిరిగేసరికి పదమూడిళ్ళూ వచ్చాయి. అప్పుడే అనుకున్నాను, చెప్పకూడదని.

మా కుళాయి ఎందుకు గడ్డకట్టదో వాళ్ళే ఒక కారణం కనిపెట్టుకున్నారు. గొట్టం పాతే రోజు మా ఆయన భూమి తల్లికి రెండింతలు నైవేద్యం పూడ్చాడట. లామా కొవ్వు, కోకా ఆకులు, అన్నీ రెండింతలు. ఆ వేడే కింద ఉండి కాపాడుతోందట. నేను ఔననలేదు, కాదనలేదు. వాళ్ళూ తమ కుళాయిల కింద నైవేద్యాలు పూడ్చి, పైన గడ్డీ ఉన్నీ పాత లంగాలూ చుట్టేవాళ్ళు. చూపుకి నేనూ ఒక ఉన్ని గుడ్డ చుట్టి ఉంచేదాన్ని. ఎవరైనా భక్తిగా ఆ గుడ్డ తాకి ఏదో గొణుక్కుంటే సిగ్గేసేది. సిగ్గు పడుతూనే ఊరుకునేదాన్ని.

అసలు సంగతి సాయంత్రం జరిగేది. పొద్దు వాలాక, బట్టలుతికే బండ పక్కనున్న రాతిపలక జరిపేదాన్ని. దాని కింద నడుం లోతులో ఒక వాల్వు. చివర రెండు పళ్ళున్న ఇనుప కడ్డీ దింపి దాన్ని పావు చుట్టు తిప్పితే, తెల్లారి మళ్ళీ వెనక్కి తిప్పేదాకా వీధి నీళ్ళు కిందే ఆగిపోతాయి, వాల్వు పక్కన ఒక చిన్న బెజ్జం తెరుచుకుంటుంది. పైన కుళాయి విప్పితే, నిలువు గొట్టంలో మిగిలిన నీళ్ళన్నీ ఆ బెజ్జంలోంచి కంకరలోకి జారిపోతాయి. ఆ చప్పుడు ఆగేదాకా చెవి పెట్టి వినేదాన్ని. మా ఆయన గొంతు తర్వాత నేను రోజూ విన్నది ఆ చప్పుడే.

ఆరో చలికాలంలో నెమేసియాకి మోకాళ్ళు పట్టేశాయి. ఆమె బదులు కోడలు మరిబెల్ రావడం మొదలుపెట్టింది. నారింజ తోటలుండే వేడి లోయ నుంచి వచ్చిన పిల్ల. ఏడో నెల. మొగుడు వ్యాను నడుపుతాడు, వారానికి రెండ్రోజులు ఇంట్లో ఉంటే గొప్ప.

మొదటి రోజే అందరి ముందూ అడిగేసింది. "పిన్నీ, మీదొక్కటే ఎందుకు గడ్డకట్టదు?"

"భూమి తల్లి దయ."

"మా అత్త కూడా నైవేద్యం పూడ్చిందిగా?"

"మీ అత్త తిట్టుకుంటూ పూడ్చి ఉంటుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. కుళాయిని కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది.

మిగతావాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆమె ఉండేది. పొయ్యి దగ్గర కూర్చుని వేయించిన చిక్కుడు గింజలు నములుతూ ఇంటి ముచ్చట్లు చెప్పేది.

"నిన్న మా అత్త గొట్టం చుట్టూ గడ్డి వేసి మంట పెట్టింది పిన్నీ, లోపల మంచు కరుగుతుందని."

"కరిగిందా?"

"గొట్టం కరిగింది."

ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. "నాకు నవ్వాలంటే భయం అక్కడ" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇక్కడికొస్తేనే నాకు నోరుందని గుర్తొస్తుంది." ఒకరోజు ఉన్నట్టుండి నా చెయ్యి లాక్కుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. యాభై ఎనిమిదేళ్ళలో నా చెయ్యి ఎవ్వరూ అలా పట్టుకుని పెట్టుకోలేదు. రెండు బకెట్లు మోసుకుని ఆమె వాలు దిగుతుంటే వెనక నుంచి చూసి, ఈ పిల్లకైనా చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే రేపట్నించి ఎందుకొస్తుంది? అందుకే ఆ రోజూ చెప్పలేదు.

జూన్ నెలాఖరులో వచ్చే సాన్ హువాన్ పండగ ముందు వారం చలి విరుచుకుపడింది. ఊరంతా సంబరం. దుంపల్ని గడ్డకట్టించి, తొక్కి ఎండబెట్టే చూన్యో చెయ్యాలంటే అలాంటి చలే కావాలి మరి. మైదానంలో గడ్డి మీద బంగాళాదుంపలు పరిచి మూడు రాత్రులు వదిలేశాం. మా గేటు ముందు వాలులో, రోజూ బకెట్లలోంచి ఒలికిన నీళ్ళు కూడా గడ్డకట్టి పొర మీద పొరగా పేరుకున్నాయి. పొద్దున్నే లేచి నేను దాని మీద పొయ్యి బూడిద చల్లేదాన్ని. ఒక రోజు, నేనింకా బూడిద చల్లకముందే, మరిబెల్ అందరికంటే ముందొచ్చింది. వచ్చేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కింది. వెళ్ళేటప్పుడు రెండు చేతుల్లోనూ బకెట్లున్నాయి.

నేను లోపల బూడిద ఎత్తుతున్నాను. బకెట్టు దొర్లిన చప్పుడు వినిపించింది. మనిషి చప్పుడు వినిపించలేదు.

పరిగెత్తి వెళ్ళేసరికి పక్కకి ఒరిగి పడుంది. లంగా అంతా తడిసి అప్పుడే బిర్రబిగుస్తోంది. పొట్ట రెండు చేతులతో పట్టుకుని, "కదలట్లేదు పిన్నీ, కదలట్లేదు" అంటోంది. దుప్పట్లో వేసి నలుగురం మోసుకెళ్ళాం. అదృష్టం కొద్దీ వ్యాను ఆ రోజు ఊళ్ళోనే ఉంది. వ్యాను ఆసుపత్రికి వెళ్ళాక, గేటు దగ్గర పడేసిన బూడిద చాట గుర్తొచ్చింది. తిరిగొచ్చి ఆ వాలంతా చల్లాను, రెండుసార్లు. ఆ మంచు ఒక్కొక్క పొరా నేను పోసిందే.

మూడో రోజు కబురొచ్చింది. బిడ్డ కదులుతోంది. ఇంటికి తెచ్చేస్తున్నారు, కానీ కాన్పయ్యేదాకా మరిబెల్ మంచం దిగకూడదు.

ఆ రోజే దుంపలు తొక్కడం. ఎండ తగిలి మెత్తబడ్డ దుంపల్ని కుప్పలు పోసి, లంగాలు ఎగదోపి, ఉత్త కాళ్ళతో తొక్కుతున్నాం. నెమేసియా నా ఎదురుగా, నా భుజం పట్టుకుని. మోకాళ్ళు మడతపడక ఒక్కొక్క అడుగుకీ పళ్ళు బిగిస్తోంది.

"రేపట్నించి నీళ్ళకి నేనే వస్తాను వదినా" అంది. "కొంచెం ఆలస్యమైనా నా బకెట్టు వరసలో ఉంచు."

"నువ్వెక్కడ ఎక్కుతావు? నేనే తెచ్చిస్తాలే."

"నువ్వా? రోజుకి ఆరు బకెట్లు? ఆ వాలులో?" అని ఆగి, "నీది మంచి మనసు వదినా" అంది. ఏడుస్తోందని అప్పుడు చూశాను.

నేను తెచ్చిస్తాననడంలో మంచి మనసేం లేదు. రోజూ వాళ్ళింటికి వెళ్ళొచ్చు, మంచం పక్కన కూర్చోవచ్చు, ఇంకో రెండు నెలలు నాకు తోడు. నా బుర్ర అంత పని అప్పటికే చేసేసింది. కాళ్ళ కింద దుంపల్లోంచి నీళ్ళు పిచికారీగా చిమ్మి గడ్డిలోకి పోతున్నాయి. నా భుజం మీద ఆమె చెయ్యి బరువుగా ఉంది.

"మీ ఇంట్లో గునపం ఉందా వదినా?" అన్నాను.

"ఎందుకూ?"

"ఉంటే రేపు తీసిపెట్టు."

మర్నాడు వాళ్ళ వాకిట్లో తవ్వడం మొదలుపెట్టాను. పై నేల ఇనుములా ఉంది. మోకాలి లోతు దాటాక మెత్తబడింది. తియడోసియో అటుగా వస్తూ ఆగి, "ఏంటక్కా, ఎవరి సమాధి?" అన్నాడు. ఆ మాట తను ఎప్పుడో ఒకసారి అన్నానని మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు.

"ఇంకో గునపం ఉంటే పట్టుకురా అన్నా. నోరు తర్వాత వాడుదువుగాని."

రెండ్రోజులు నేనూ, తియడోసియో, పార పట్టుకుని నెమేసియా, ముగ్గురం వీధిదాకా నడుం లోతు తవ్వాం. మా ఆయన పెట్టెలో ఇంకో వాల్వు ఉంది, నూనె గుడ్డలో చుట్టి. గొట్టాన్ని లోతున వేసి, అది బిగించి, చుట్టూ కంకర పోసి, ఎలా తిప్పాలో చూపించాను.

"చూన్యో చేసేవాళ్ళకి ఇది చెప్పాలా?" అన్నాను. "నీళ్ళున్న దుంపని చలి చీలుస్తుంది. నీళ్ళు తొక్కి తీసేశాక ఏం చెయ్యగలదు? గొట్టమూ అంతే. మనం దానికి బట్టలు చుడుతున్నాం. చుట్టక్కర్లేదు. సాయంత్రమయ్యేసరికి ఖాళీ చెయ్యాలి, అంతే."

తియడోసియో గొయ్యిలోకి తొంగి చూశాడు. "అయితే మరి నైవేద్యం?"

"లేదు. ఆ రోజంతా ఆయన మిమ్మల్నే తిట్టుకుంటూ తవ్వాడు."

తియడోసియో నవ్వబోయాడు. నెమేసియా ముఖం చూసి ఆపేశాడు.

"ఇది నీకు ఎప్పట్నించి తెలుసు?" అంది నెమేసియా.

"మొదట్నించీ."

కిటికీ లోపల, మంచం మీద, మరిబెల్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమెకి మా మాటలు వినిపించే ఉంటాయి. నెమేసియా పార గోడకి ఆనించి, చేతులకంటిన మట్టి కొంగుకి తుడుచుకుంది.

"మన్ను పూడ్చడం అయిపోయాక వెళ్ళు" అంది. వదినా అనలేదు.

తిట్టినా బావుండేది. ఆమె తిట్లు నాకు అలవాటే.

తియడోసియో పట్నం నుంచి వాల్వులు తెప్పించాడు. జూలై అంతా పై వాడలో గోతులే. నేను ప్రతి ఇంటికీ వెళ్ళాను, ప్రతి వాల్వూ నా చేత్తోనే బిగించాను. అందరూ వచ్చి తవ్వారు, చెప్పింది చెప్పినట్టు చేశారు. "కంకర ఇంత చాలా?" "ఎటు తిప్పాలి?" అంతే. మధ్యాహ్నం అన్నం మూటలు విప్పుకున్నప్పుడు నా ఎదర ఎవరూ గుడ్డ పరిచి తినమనలేదు. నాకు కోపం రాలేదు. వాళ్ళు ఐదు చలికాలాలు మోశారు. నేను మోయించాను.

ఆగస్టు మొదటి వారానికి పద్నాలుగు కుళాయిలూ పారుతున్నాయి. ఆ చలిలో అలా జరగడం ఊరు పుట్టాక అదే మొదటిసారి. కింది వాడ నుంచి కూడా వచ్చి చూసిపోయారు. తియడోసియో సమావేశంలో మా ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడని విన్నాను. నన్ను పిలవలేదు.

ఇక నా పొద్దున్నలు మిగిలాయి. ఆరింటికి లేచి పొయ్యి రాజేసేదాన్ని. పెద్ద కెటిల్ నిండా నీళ్ళు పోసేదాన్ని, చెయ్యి అలవాటు పడిపోయింది. మరిగాక గుర్తొచ్చేది. ఒక కప్పు తాగి, మిగతాది చల్లారబెట్టి గొర్రెల తొట్లో పోసేదాన్ని. గేటు ముందు వాలులో మంచు లేదు. నీళ్ళు ఒలికేవాళ్ళే లేరు కదా. అయినా బూడిద చల్లేదాన్ని. ఒక రోజు పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా నా నోట్లోంచి ఒక్క మాట రాలేదని పడుకోబోయే ముందు తెలిసి, దుప్పటి ముఖం మీదకి లాక్కుని ఏడ్చాను. మా ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు నా తప్పు లేదు.

ఆగస్టు చివర వ్యాను ఊళ్ళోకి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఆడపిల్ల పుట్టిందట. గోడ మీంచి చూశాను. పదమూడిళ్ళ వాళ్ళూ నెమేసియా వాకిట్లో ఉన్నారు. అక్కడి కుళాయి కింద ఎవరో కప్పులు కడుగుతున్నారు. నీళ్ళు ధారగా పడుతున్నాయి, మంచి జోరుగా. నేను బిగించిందే. ఉన్ని నూలుతో అల్లిన చిన్న టోపీ ఒకటి నా దగ్గరుంది, జూన్‌లోనే అల్లడం మొదలుపెట్టాను. వెళ్ళే ధైర్యం చాల్లేదు. పెట్టెలో, ఆ నూనె గుడ్డ పక్కన పెట్టేశాను.

సెప్టెంబరు వెళ్ళింది. అక్టోబరులో గాలి మారింది. ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. వాల్వు సాయంత్రాలు తిప్పడం మానేసి మూడు వారాలైంది. ఒక పొద్దున గుమ్మంలో విత్తనపు దుంపలు ఏరుతుంటే గేటు కిర్రుమంది.

నెమేసియా. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో బకెట్టు. వీపున శాలువాలో కట్టిన మూట. వాలు ఎక్కి ఆయాసపడుతోంది.

"మా కుళాయి గడ్డకట్టింది" అంది.

నేను ఆకాశం వైపు చూశాను. గోడ మీద బల్లి ఎండ కాచుకుంటోంది. ఆమె నా ముఖమే చూస్తోంది, కాదను చూద్దాం అన్నట్టు.

"ఈ చలికాలం వదిలేట్టు లేదు" అన్నాను.

"వదల్లేదు" అంది. వీపు మీది ముడి విప్పి మూట ముందుకు తీసి, అడక్కుండానే నా ఒళ్ళో పెట్టింది. ఎర్రటి బుగ్గలు, ఇంత జుట్టు. నిద్రలో నోరు కదుపుతోంది. "వాళ్ళమ్మ పంపింది. ఒక్కదాన్నే మోసుకు రాలేక చచ్చాను. పట్టుకో సరిగ్గా."

ఒక చేత్తో బిడ్డని గుండెకి ఆనించుకుని, ఇంకో చేత్తో బకెట్టు కుళాయి కింద పెట్టి, పిడి పూర్తిగా తిప్పాను. ఐదేళ్ళలో ఎప్పుడూ తిప్పనంత. నీళ్ళు బకెట్టు అడుగుని దడదడలాడించాయి.

నెమేసియా గోడ వారన తన పాత చోట్లో కూర్చుంటూ, మోకాలు రుద్దుకుంటూ చూసింది.

"అంత తొందరేం వచ్చింది వదినా?" అంది. "ఎప్పట్లాగే సన్నగా తిప్పు."

తిప్పాను. బకెట్టు నిండేసరికి కెటిల్ రెండుసార్లు మరిగింది.